పెదవి ఎత్తాక చెప్పాల్సిన మాట

మా అక్కతో కలిసి ఎక్కడికైనా వెళ్ళాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. ఎదుటి మనిషి పలకరింపుగా నవ్వితే తిరిగి నవ్వాల్సింది పోయి, వాళ్ళ నోట్లోకి చూస్తుంది. "పై వరసలో పుచ్చు మొదలైంది, ఓసారి చూపించుకోండి" అంటుంది. ఒక పెళ్ళిలో ఏకంగా పెళ్ళికొడుకుతోనే అంది. ఆ పెళ్ళి ఫొటోలన్నిట్లో పెళ్ళికూతురు హాయిగా నవ్వుతూ ఉంటుంది, అతను మాత్రం పెదవులు బిగించుకుని నిలబడి ఉంటాడు.

అక్క ఆసుపత్రిలో పళ్ళ విభాగంలో నర్సు. ఆసుపత్రిలో ఉండేది తక్కువ, పిల్లల పళ్ళు చూస్తూ బడుల చుట్టూ తిరిగేది ఎక్కువ. భుజానికి ఒక సంచీ, అందులో పిడి ఉన్న చిన్న గుండ్రటి అద్దాలు, టార్చిలైటు, ప్లాస్టిక్ దవడ బొమ్మ ఒకటి, ఆ దవడకి తగ్గ పెద్ద బ్రష్షు. ఆ బొమ్మ దవడని రాత్రిళ్ళు మా వంటింటి కిటికీలో ఆరబెడుతుంది. పొద్దున్నే పాలు కాచుకుందామని వెళ్తే అది నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఎవరి పళ్ళూ నచ్చలేదు" అంటుంది. నేనూ మా ఆయనా ఈ ఇంట్లో కాపురం పెట్టిన ఏడాదే తనకి ఈ ఊరు బదిలీ అయింది. కొన్నాళ్ళు ఉండి వేరే ఇల్లు చూసుకుంటానని వచ్చింది. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు. అయినా తన బట్టలు మాత్రం ఇప్పటికీ సూట్‌కేసులోనే, మంచం కిందే. బీరువాలో పై అర ఖాళీ చేస్తాను, సర్దుకోమని ఎన్నిసార్లు నోరు నొప్పి పుట్టేలా చెప్పానో! "ఎందుకులేవే, ఉన్నన్నాళ్ళు ఉంటాను" అంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా "మీ అక్కగారు ఇంకా మీ దగ్గరే ఉంటున్నారా?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అక్క ఆ మాట వినబడనట్టు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడుగుతుంది. నేను అప్పటికే కడిగి బోర్లించిన గిన్నెలనే మళ్ళీ కడుగుతుంది.

నేను దర్జీపని చేస్తాను. ముందుగదే నా కొట్టు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు పారెయ్యనివ్వదు అక్క. వాటితో వేలెడు వెడల్పు చిన్న సంచులు కుట్టమంటుంది, బడిలో పిల్లల బ్రష్షులు గోడకి వేలాడదీసుకోవడానికి. కూలీ ఏదే అంటే "నీ పళ్ళు ఉచితంగా చూస్తున్నానుగా" అంటుంది. ఆ చూడ్డం నేను అడిగింది లేదు.

మా ఊరి చివర ఇటుక బట్టీలు దాటాక ఒక బడి ఉంది. అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమంది గుర్రాలవాళ్ళ పిల్లలు. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు వాళ్ళని. వాళ్ళ ముత్తాతలెప్పుడో కొండలవతల నుంచి వచ్చారట. గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు కొనడం, మేపడం, సంతలకి తోలుకెళ్ళి అమ్మడం వాళ్ళ పని. వాళ్ళ భాష వేరు. పిల్లలు మన మాట బడికొచ్చాకే నేర్చుకుంటారు. ఇరుకు సందుల్లో ఇల్లు కట్టుకునే వాళ్ళందరికీ ఇటుకలు మోయించడానికి వాళ్ళ జంతువులు కావాలి. ఆ జంతువు వెంట వచ్చిన మనిషి ఎండకి ఓర్చలేక కాసేపు మెట్ల మీద కూర్చుంటే మాత్రం మొహాలు చిట్లిస్తారు. మా ఊరు అంత గొప్పది.

ఆ పిల్లల పళ్ళ సంగతి ఆ బడి పెద్ద టీచరమ్మ దగ్గర విని అక్క మొదటిసారి చెప్పినప్పుడు నాకు అన్నం సయించలేదు. వాళ్ళ జేబుల్లో ఎప్పుడూ పటికబెల్లం పలుకులుంటాయి. జంతువు మాట వింటే ఒక పలుకు పెట్టి మెచ్చుకోవాలి, అది వాళ్ళ అలవాటు. గుర్రం ఒకటి తింటే పిల్లలు పది చప్పరిస్తారు. పొద్దున బుగ్గన పెట్టుకున్నది మధ్యాహ్నానికి కరుగుతుంది, అంతలో ఇంకోటి. ముందు పళ్ళు నల్లగా మొద్దుల్లా మిగిలిన పిల్లలు సగానికి సగం ఉన్నారట. నొప్పి ఉన్నా చెప్పరట. నొప్పి లేకుండా ఉండటం ఎలా ఉంటుందో తెలిస్తే కదా చెప్పడానికి, అంది అక్క.

ఆ బడికి అక్క అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. పిల్లలు బెదరకూడదని నానా హంగులూ చేసుకుంది. బజారంతా వెతికి మెరిసే నీలం నక్షత్రాలు తెచ్చింది, చొక్కాకి అంటించే రకం. పళ్ళ డాక్టరు చూడాల్సిన పిల్లలకి తలా ఒకటి. గురువారం డాక్టరు వ్యాను వచ్చినప్పుడు నక్షత్రాలున్న వాళ్ళు వచ్చేస్తే సరి, వెతుక్కునే పని ఉండదు. మంగళవారం పొద్దున కిటికీ పక్క బెంచీ వేయించుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కరి గడ్డం కింద చెయ్యి పెట్టి, బొటనవేలితో పై పెదవి ఎత్తి, లైటు వేసి చూసింది. పక్కనున్న పెద్ద టీచరమ్మకి వినబడేలా గట్టిగా చెప్పింది: "వీడికి దవడ పన్ను వచ్చేసింది, ఆరు నిండినట్టే. ఈ పిల్లకి ఎనిమిది." అవసరమైన వాళ్ళ భుజం మీద నీలం నక్షత్రం అంటించింది. "గురువారం బండి వస్తుంది, అందరూ రావాలేం" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి మురిసిపోయింది. "ఒక్కళ్ళు ఏడిస్తే ఒట్టు! బొమ్మల్లా నిలబడ్డారే."

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. అంతమంది పిల్లలు ఒకేసారి బొమ్మల్లా నిలబడ్డారంటే అది మంచితనమై ఉండదు.

ఒక్క పిల్ల గురించి మాత్రం దిగులుగా చెప్పింది. ఏడేళ్ళుంటాయి. ఎప్పుడూ ఎడమ చెంపకి పిడికిలి ఆనించుకునే కూర్చుంటుందట. బళ్ళో అందరూ దాన్ని పిడికిలి అనే పిలుస్తారు. నోరు పూర్తిగా తెరవలేదు. ఆ పిడికిలి వెనకాల చెంప ఉబ్బి, దవడ కింద చెయ్యి పెడితే కాలిపోతోందట.

"చీము పట్టింది. గురువారం మొదటి నంబరు దానిదే" అంది అక్క, తన ఎడమ చెంప తనే తడుముకుంటూ.

బుధవారం పొద్దున పెద్ద టీచరమ్మ ఫోను చేసింది. గుర్రాలవాళ్ళ పిల్లలు ఒక్కరంటే ఒక్కరు బడికి రాలేదు. కబురు పంపితే ఎవరూ తలుపు తియ్యలేదు. "నిన్న మీరేమన్నా అన్నారా వాళ్ళని?" అని అడిగింది.

అక్క ఫోను పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుంది. "నేనేం చేశానే?" అంది నాతో. నాకేం తెలుసు? పిల్లలందరి మాట ఎలా ఉన్నా ఆ పిడికిలి కోసం తను తల్లడిల్లిపోతోందని మాత్రం తెలుస్తోంది. ఆ వ్యాను రేపు వచ్చి పోతే మళ్ళీ నెల దాటాకే రావడం. అంతవరకూ ఆ చీము ఆగదు.

"పద, వాళ్ళ వాడకే పోదాం. సంచులు కూడా ఇచ్చేసి వద్దాం" అన్నాను. నాకు ముక్కు మీద కోపమేగానీ భయం తక్కువ.

ఆ వాడలో అన్నీ పొడుగాటి రేకుల షెడ్లు. ముందు సగంలో జంతువులు, వెనక సగంలో మనుషులు. తడి గడ్డి వాసన, తోలు వాసన, ఎక్కడో గిట్టలకి నాడాలు కొడుతున్న సుత్తి చప్పుడు. మేం వీధి మొదట్లో అడుగు పెట్టగానే ఆ సుత్తి ఆగిపోయింది. తలుపులు ఒకదాని తరవాత ఒకటి మూసుకున్నాయి. కిటికీల్లోంచి పిల్లలు చూసి చటుక్కున కిందికి వంగారు. నీళ్ళ తొట్టి దగ్గర మూడు కంచర గాడిదలు కట్టేసి ఉన్నాయి. వాటి భుజాల మీద అరచేయంత నీలం రంగు పూసి ఉంది. చూశాను గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఒకే ఒక్క మనిషి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ముసలాయన. బోర్లించిన తొట్టి మీద కూర్చుని తోలుపట్టీకి కుట్టు వేస్తున్నాడు. ఆయన వెనకాల తలుపు సందులోంచి ఒక చిన్న పిడికిలి కనబడుతోంది, దాని వెనక ఒక చెంప, ఒక కన్ను. ఆయనే దాని తాత అని అర్థమైంది. అమ్మానాన్నలు గుర్రాలతో దూరం సంతకి పోయారట. సంతలో జంతువు పళ్ళు చూసి వయసు చెప్పడంలో ఈయన మాటకి తిరుగులేదని తరవాత తెలిసింది.

అక్క నమస్కారం పెట్టింది. ఆయన సూది ఆపలేదు.

"ఎవరికి అమ్మావమ్మా మా పిల్లల్ని?" అన్నాడు.

అక్క కంటే ముందు నేనే అందుకున్నాను. "అదేం మాట పెద్దాయనా! మా అక్క ఆసుపత్రి మనిషి. పళ్ళు చూడ్డానికి వచ్చింది. అమ్మడమేంటి?"

ఆయన సూది తోలుకి గుచ్చి పక్కన పెట్టాడు. లేచి తొట్టి దగ్గరున్న కంచర గాడిద గడ్డం కింద చెయ్యి పెట్టి, బొటనవేలితో దాని పెదవి ఎత్తి, "ఆరేళ్ళు" అని గట్టిగా అన్నాడు. తరవాత దాని భుజం మీది నీలం రంగుని వేలితో తట్టాడు. "ఇది అమ్ముడుపోయింది. రేపు బండి వస్తుంది తీసుకుపోవడానికి" అన్నాడు.

నా పక్కన అక్క "అయ్యో" అంది, చాలా నెమ్మదిగా.

"పెదవి ఎత్తావంటే ఒక మాట చెప్పి తీరాలమ్మా" అన్నాడు ముసలాయన. "కొనాలనుకుంటే ధర చెబుతారు. లేదా 'ఇంటిది' అంటారు. అంటే అమ్మకానికి కాదు, ఈ ఇంటి ప్రాణి అని. ఆ మాట అన్నారంటే ఇంకెవరూ దాని జోలికి రారు. ఏ మాటా చెప్పకుండా వదిలేస్తే అది ఎవరిదీ కానట్టే. ఎవరైనా తోలుకుపోవచ్చు. నువ్వు మా పిల్లల పెదవులెత్తావు. వయసులు పైకి చెప్పావు. మాట చెప్పలేదు. నీలం వేశావు. బండి వస్తుందన్నావు."

"మీరు పెద్దవాళ్ళు, మీరు చెప్పొచ్చుగా పిల్లలకి!" అన్నాను నేను.

"చెప్పాం. ఏడుపు ఆపితే కదా వినడానికి." ఆయన నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. "అయినా ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఎప్పుడు మనుషుల్లా చూశారమ్మా, ఇది మటుకు పళ్ళ పరీక్షే అని మేం ధీమాగా ఉండటానికి?"

నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు.

అక్క క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. తిన్నగా వెళ్ళి ఆయన లేచిన తొట్టి మీద కూర్చుంది. గడ్డం పైకెత్తి, ఆయన వైపు తిరిగి, నోరు తెరిచింది.

"అక్కా, ఏంటిది?" అన్నాను.

"నేను వాళ్ళవి చూశాను కదే. ఆయన నావి చూడొద్దూ?" అని మళ్ళీ నోరు తెరిచింది.

ముసలాయన తబ్బిబ్బయ్యాడు. అటూ ఇటూ చూశాడు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. నాడాలు కొట్టే అతను సుత్తి పట్టుకునే వచ్చాడు. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. కిటికీలో వంగిన తలలన్నీ మళ్ళీ లేచాయి. ఇంక తప్పదన్నట్టు ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, అక్క గడ్డం కింద చెయ్యి పెట్టాడు. బొటనవేలితో పెదవి ఎత్తాడు. అలవాటైన చెయ్యి, ఎంత సుతారంగా ఎత్తిందో! ఎండ పడేలా తన తల పక్కకి వంచి చూశాడు.

"యాభై దాటి ఏడాది" అన్నాడు గట్టిగా.

ఊళ్ళో అందరికీ నలభై ఆరని చెప్పుకు తిరుగుతోంది అక్క. అందుకు తగ్గట్టు నేను నలభై నాలుగుతో సరిపెట్టుకున్నాను. వీధి వీధంతా నా వైపు తిరిగి లెక్క వేసుకుంటున్నట్టే అనిపించింది.

"కింద ఎడమ దవడలో ఒకటి లేదు" అన్నాడు ముసలాయన. "పీకిన చెయ్యి మంచిది కాదు. ఎముక కూడా దెబ్బతింది. ఎవరమ్మా పీకింది?"

"పక్కింటి వడ్రంగి" అంది అక్క, పెదవి వదిలించుకుని. "పట్టకారుతో. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నొప్పని ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ పని మానుకోవాలి. దవడ వాచి, గొంతు దాకా దిగి, నీళ్ళు కూడా మింగలేకపోయాను. చచ్చి బతికాను పెద్దాయనా. మీ మనవరాలి చెంప చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు."

నాకది గుర్తుంది. అమ్మ అక్క బుగ్గన లవంగం పెట్టి పనికి పోయేది. నేను పక్కన పడుకుని, అక్క ఎందుకు మాట్లాడటం లేదో తెలియక అలిగేదాన్ని. ఆ చెంప ఇప్పటికీ కాస్త లోపలికి ఉంటుంది. అందుకే అక్క ఫొటోల్లో పక్కకి తిరిగి నిలబడుతుంది. ఆ సంగతి ఇన్నేళ్ళలో మా ఆయనకి కూడా చెప్పని మనిషి, నడివీధిలో తొట్టి మీద కూర్చుని చెప్పేసింది. నా కళ్ళు నిండిపోయాయి.

"మరి ధర చెప్పవేం?" అని నాడాలు కొట్టే అతను వెనక నుంచి అరిచాడు.

"ఈ వయసుదాన్ని ఎవరు కొంటారురా!" అన్నాడు ముసలాయన. అందరూ ఘొల్లుమన్నారు. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుల్లో ఆ మాట అక్కడితో పోయింది.

తలుపు సందులో పిల్ల మాత్రం నవ్వలేదు. నేను చూశాను.

అక్క అక్కడి నుంచే డాక్టరుకి ఫోను చేసింది. ఆయన మందులు ఇప్పుడే మొదలుపెట్టమన్నాడు. మింగడం కష్టమైతే ఉన్నపళంగా పెద్దాసుపత్రికి పరుగెత్తమన్నాడు, లేకపోతే రేపు పొద్దున్నే వ్యాను దగ్గరికి తీసుకురమ్మన్నాడు. నేను పోయి మందులు తెచ్చాను. అక్క పిల్లకి మొదటి మోతాదు పట్టించి, నీళ్ళు మింగుతోందో లేదో దగ్గరుండి చూసింది. తన ఫోను నంబరు నాడాలు కొట్టే అతనికిచ్చి, ఏ వేళైనా చెయ్యమంది. "రేపు తీసుకొస్తారుగా పెద్దాయనా?" అని అడిగింది. "కొడుకుకీ కోడలికీ ఫోను చేసి అడగాలి" అన్నాడాయన. వస్తానని గానీ రానని గానీ అనలేదు. తన పనిలో పడిపోయాడు.

గురువారం పొద్దున వ్యాను బడి ముందు ఆగింది. డాక్టరు కుర్రవాడు, మంచివాడే, కానీ కాలు ఒకచోట నిలవదు. మధ్యాహ్నానికి ఇంకో బడికి పోవాలి. పెద్ద టీచరమ్మ గేటు దగ్గర నిలబడింది. అక్క వ్యాను మెట్ల మీద కూర్చుని రోడ్డు చూస్తోంది. నా కొట్లో బట్టలు కుప్పలుపడి ఉన్నాయి, అయినా నేనూ వచ్చాను. బడిలో గంట కొట్టారు, మళ్ళీ కొట్టారు. రోడ్డు మీద ఇటుకల లారీలు తప్ప ఏమీ లేదు.

"నర్సుగారూ, ఇంక బయల్దేరదామా?" అన్నాడు డాక్టరు.

"కాసేపు చూడండి బాబూ."

ఆ కాసేపూ అయింది. డాక్టరు ఒక్కొక్క పనిముట్టే డబ్బాలో సర్దడం మొదలుపెట్టాడు. అక్క లేచి, "నేను నడిచి వెళ్తాను, నా చేతులతో ఎత్తుకొచ్చేస్తాను" అంది. నేను తన చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు బట్టీల మలుపులో గిట్టల చప్పుడైంది. ముసలాయన కంచర గాడిద పగ్గం పట్టుకుని నడుస్తున్నాడు. దాని మీద పిడికిలి, చెంపకి చెయ్యి ఆనించుకుని. దాని వెనక వాడలో సగం మంది, చేతులు పట్టుకుని పిల్లలు. పిల్లలెవరి భుజం మీదా నీలం నక్షత్రం లేదు. అక్క రెండు చేతులతో మొహం కప్పుకుని, తీసి, ఏమీ జరగనట్టు లైటు బ్యాటరీ సరిచూసుకుంది.

వ్యానులో పిల్లని కుర్చీలో కూర్చోబెట్టారు. తాత ఒక పక్క, అక్క ఒక పక్క. నేను మెట్టు మీద. డాక్టరు చేతి తొడుగులు వేసుకుని పెదవి దగ్గరికి వేలు తెచ్చాడు. పిల్ల పళ్ళు బిగించేసింది.

"ఒక్క నిమిషం బాబూ" అంది అక్క. ముసలాయన వైపు చూసింది.

ముసలాయన పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. డాక్టరు కళ్ళలోకి చూస్తూ వాళ్ళ భాషలో ఆ మాట అన్నాడు. చాలా చిన్న మాట. "ఇంటిది అంటున్నారు" అని అక్క డాక్టరుకి చెప్పింది. డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు గానీ, "అలాగేనండి" అన్నాడు మర్యాదగా. బయట జనంలో ఎవరో ఊపిరి వదిలారు.

పిల్ల అప్పటికీ నోరు తెరవలేదు.

"చెప్పాను కదే! ఇంకేంటి?" అన్నాడు తాత.

పిల్ల పిడికిలి చెంప మీద నుంచి తియ్యకుండానే, పళ్ళ సందుల్లోంచి ఏదో అంది. మా మాటలోనే అంది, అందరికీ తెలియాలని కాబోలు.

"నిన్న నువ్వు ఈవిడ పెదవి ఎత్తావు."

"ఎత్తాను. అయితే?"

"మాట చెప్పలేదు. నవ్వి వదిలేశావు." దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈవిడని ఎవరన్నా తీసుకుపోతే?"

అంత నొప్పిలో, జ్వరంలో, ఆ పిల్ల నిన్నటి నుంచీ దీని గురించి బెంగపెట్టుకుని ఉందన్నమాట. పెద్దవాళ్ళం మేమందరం నవ్వుకుని ఇళ్ళకి పోయాం.

ముసలాయన మొహం ఎర్రబడింది. సంతలో ఏ జంతువునీ అలా వదిలెయ్యని మనిషి. ఆ ఇరుకు వ్యానులో తల పైకి తగులుతున్నా లేచి నిలబడ్డాడు. కుర్చీ మీదుగా చెయ్యి చాపి అక్క తల మీద పెట్టాడు, పిల్ల తల మీద పెట్టినట్టే. అదే మాట అన్నాడు. ఈసారి గట్టిగా, బయట చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా.

బయట నుంచి నాడాలు కొట్టే అతను ఆ మాటే తిరిగి అన్నాడు. ఆడవాళ్ళు అన్నారు. పిల్లలు అన్నారు.

అక్క చేతిలో లైటు వణికిపోతోంది. దాని వెలుగు వ్యాను పైకప్పు మీద అటూ ఇటూ పరుగెడుతోంది. "లైటు సరిగ్గా పట్టండి నర్సుగారూ" అన్నాడు డాక్టరు. పాపం, ఆయనకి అంతకంటే తెలియదు. పిల్ల అక్క వైపు చూసి, నమ్మకం కుదిరినట్టు తలాడించి, చెంప మీంచి చెయ్యి తీసింది. నోరు తెరవగలిగినంత తెరిచింది.

పాలపన్ను కింద చీము పట్టింది. దాని వెనకే కొత్త దవడ పన్ను అప్పుడప్పుడే తల ఎత్తుతోంది. దానికి ఏమీ కాలేదన్నాడు డాక్టరు. మత్తుమందు ఇచ్చి పాలపన్ను తీసేశాడు, చీము బయటికి పోయింది. పిల్ల అక్క బొటనవేలు పట్టుకుని వదల్లేదు. వేలు రెండు రోజులు కమిలిపోయి ఉంది.

అయిపోయాక నోట్లో దూది కరిచిపెట్టుకుని కిందికి దిగింది. వాపు అంత తొందరగా తగ్గదు గానీ, మొహంలో ఒక తేలిక వచ్చింది. తిన్నగా కంచర గాడిద దగ్గరికి వెళ్ళి ఇంకా మూసే ఉన్న పిడికిలి విప్పింది. అందులో పటికబెల్లం పలుకులున్నాయి, చెమటకి జిగురు జిగురుగా. అన్నీ దాని నోటికి అందించింది. తనకి ఒక్కటీ మిగుల్చుకోలేదు. అక్క నా డొక్కలో పొడిచి "చూశావటే?" అంది.

ఆ రోజు డాక్టరు ఇంకో బడికి పోలేకపోయాడు. వచ్చిన పిల్లలందరినీ చూసేదాకా గుర్రాలవాళ్ళు కదలనిచ్చారా! మిగిలిన నక్షత్రాలన్నీ అక్క సంచీ అడుగునే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఏ బడిలోనైనా, ఏ పిల్ల పెదవి ఎత్తే ముందైనా అక్క తల మీద చెయ్యి పెట్టి ఆ మాట అంటుంది. ఊళ్ళోవాళ్ళ పిల్లలతో కూడా అంటుంది. అదేదో మంత్రమని వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనీ.

ఇద్దరం ఇంటికి నడిచొస్తుంటే అక్క దారంతా ఎదురైన వాళ్ళెవరి పళ్ళూ చూడలేదు. నాకు లోపల ఉడుకుమోత్తనంగా ఉంది, దాచుకోవడం ఎందుకు? ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఉంటున్న మనిషి. బీరువా అర ఖాళీ చేస్తానంటే వద్దన్న మనిషి. పట్టుమని రెండు రోజులైనా కాని పరిచయంతో వాళ్ళు అనేశారు ఆ మాట.

తలుపు గడియ వేసి ఉంది. తట్టాను.

"ఎవరూ?" అన్నాడు మా ఆయన లోపల నుంచి.

"ఇంటిది వచ్చింది, తలుపు తియ్యండి" అన్నాను కాస్త విసురుగానే.

"నువ్వేగా?"

"నేను కాదు. మీ వదిన."

మా ఆయన తలుపు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అక్క తల వంచుకుని లోపలికి పోయింది. నేను మిషను ముందు కూర్చుని ఆ పూట ఇవ్వాల్సిన చొక్కాకి బొత్తాలు కుడుతున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వస్తుందని చూస్తున్నాను. రాలేదు. కాసేపటికి పక్కగదిలో మంచం కింద నుంచి ఏదో లాగుతున్న చప్పుడైంది.

"ఏమేవ్" అని పిలిచింది అక్క. "ఆ పై అర ఖాళీగానే ఉందా?"

ఖాళీగా లేదు. నిండా నా గుడ్డముక్కలే. బొత్తాలు వదిలేసి, లేచి వెళ్ళి, వాటన్నిటినీ కింద పారేసి అర తుడిచాను.